కటౌట్ మార్చేముందు మీటర్ పెట్టండి: పాత పికప్‌లో కరెంటు, డీజిల్ రెగ్యులేటర్ల సంగతి

వారం తిరక్కుండానే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ అయిపోతుంది. మూతల చుట్టూ తడి, కింద ట్రేకి తుప్పు, బానెట్ ఎత్తగానే యాసిడ్ వాసన. హెడ్‌లైట్ బల్బులు ఊరికే మాడిపోతుంటాయి. పాత టాటా 207కో బొలెరో పికప్‌కో ఈ జబ్బు పట్టుకుంటే, నెల్లూరు ఆటోనగర్‌లో అయినా ఒంగోలులో అయినా ముందు వినపడే మాట ఒకటే: "కటౌట్ పోయింది, మార్చేద్దాం." చార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను షాపుల్లో కటౌట్ అంటారు. ఒక్కోసారి ఆ మాట నిజమే. కానీ కొత్త కటౌట్ వేసిన నెలకే మళ్లీ నీళ్లు అయిపోతున్నాయంటే, పోయింది కటౌట్ కాదన్నమాట.

రెగ్యులేటర్ అనేది ఏదైనా సరే, తనకు కనపడినదాన్ని బట్టి పనిచేస్తుంది. కరెంటు రెగ్యులేటర్ తన తీగ కొసన ఎన్ని వోల్టులు ఉన్నాయో చూసుకుని, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది. డీజిల్ వైపు ప్రెషర్ వాల్వు తన స్ప్రింగు మీద ఎంత ఒత్తిడి పడుతోందో చూసుకుని తెరుచుకుంటుంది. దానికి కనపడేది తప్పయితే, అది ఏ లోపమూ లేకుండా పనిచేస్తూనే బ్యాటరీని ఉడికిస్తుంది, ఇంజన్‌ను ఎండగడుతుంది. అందుకే దాన్ని విప్పేముందు దానికి ఏం కనపడుతోందో మనం చూడాలి.

పేరులోనే తికమక

పాత జీపుల్లో డైనమో ఉండేది. దాని పక్కన ఇనప డబ్బాలో మూడు కాయిళ్లు: ఒకటి వోల్టేజిని, ఒకటి కరెంటును అదుపు చేసేవి. మూడోది కటౌట్. ఇంజన్ నెమ్మదించి డైనమో వోల్టేజి బ్యాటరీ కంటే కిందికి పడితే, బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా లైను తెంపేది అదే. ఆల్టర్నేటర్లు వచ్చాక ఆ పని లోపలి డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి) చేస్తున్నాయి. కటౌట్ అనే వస్తువు పోయింది, పేరు మాత్రం వోల్టేజి రెగ్యులేటర్‌కు అంటుకుని నిలిచిపోయింది. ఆల్టర్నేటర్‌ను డైనమో అనడమూ అలాంటిదే. షాపులో పేరు ఏదన్నా ఫర్వాలేదు. పని చేసేటప్పుడు మాత్రం ఒకటి మరవొద్దు: రాత్రి నిలబెట్టిన బండికి పొద్దునకల్లా బ్యాటరీ దిగిపోతుంటే కటౌట్‌ను అనుమానించే ముందు డయోడ్‌ను అనుమానించాలి. స్టార్ట్ చేయకముందే ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజన్ మీద అదొక్కటే వెచ్చగా తగిలితే డయోడ్ షార్ట్ అయినట్టే.

ఎక్కడ ఉంటుంది

బాగా పాత బండ్లలో రెగ్యులేటర్ ఆల్టర్నేటర్‌కు బయట ఉంటుంది. బానెట్ ఎత్తి, డ్రైవర్ ముందున్న గోడ రేకు మీదా, మడ్‌గార్డ్ లోపలి వైపూ చూడండి. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా లేదా రెక్కలున్న అల్యూమినియం ముద్ద, దానికి మూడో నాలుగో తీగలు, రెండు బోల్టులు. అక్కడ కనపడకపోతే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే సన్న తీగల వెంట వేలు పెట్టుకుని వెళ్లండి, అవే చూపిస్తాయి.

తర్వాతి బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, కార్బన్ బ్రష్‌ల హోల్డర్‌తో కలిసి ఒకే ముక్కగా. చాలావాటిలో రెండు చిన్న స్క్రూలు విప్పితే చేతికొస్తుంది. మన డీజిల్ పికప్‌లలో ఇక్కడ ఒక చిక్కుంది. బ్రేకు బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే, అదే షాఫ్టు మీద తిరుగుతుంది. దానికి ఇంజన్ ఆయిల్ పైపు ఉంటుంది. అందులో ఆయిల్ సీలు అరిగితే ఆయిల్ బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగుల మీదికి చేరి, బ్రష్ పొడితో కలిసి నల్లటి జిడ్డవుతుంది. చార్జింగ్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. అలాంటి బండికి సీలు వేయకుండా ఎన్ని కటౌట్లు మార్చినా డబ్బు దండగ. ఇంకో మాట కూడా గుర్తుండాలి: ఈ బండ్లలో ఫ్యాన్ బెల్టు తెగితే పోయేది చార్జింగ్ ఒక్కటే కాదు, కాసేపటికి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బెల్టు వదులైందని అరుపు వినపడ్డ రోజే చూసుకోండి.

మీటర్‌తో నాలుగు కొలతలు

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. బండి ఆపి కనీసం గంటయ్యాక బ్యాటరీ కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 కంటే తక్కువుంటే ఖాళీ. ఖాళీ బ్యాటరీతో రెగ్యులేటర్‌ను పరీక్షించొద్దు. ఆల్టర్నేటర్ తన బలమంతా బ్యాటరీని నింపడానికే పెడుతుంది, వోల్టేజి పైకి రాదు, మీరు మంచి కటౌట్‌ను చెడ్డదంటారు. ముందు చార్జింగ్ పెట్టించి తెచ్చుకోండి.

రెండోది సెల్ఫ్ కొట్టేటప్పుడు. మీటర్ 9.6 కంటే కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ అయినా నీరసించింది, టెర్మినళ్లయినా పట్టు తప్పాయి.

మూడోది అసలైన కొలత. ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్ కంటే కాస్త పైన, 1500-2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, బ్యాటరీ టెర్మినళ్ల మీదే కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది. ఇప్పుడు హెడ్‌లైట్లు, వైపర్, హారన్ అన్నీ వేయండి. 13.2 కంటే తగ్గకుండా నిలబడాలి. 14.8 దాటితే బ్యాటరీ ఉడుకుతోంది. ఎండాకాలం సంగతి ఒకటి: బ్యాటరీ వేడెక్కితే తక్కువ వోల్టేజికే నిండుతుంది కాబట్టి, చాలా రెగ్యులేటర్లను వేడితో పాటు వోల్టేజి కొద్దిగా తగ్గించేలా చేస్తారు. రోహిణి కార్తెలో కావలి నుంచి ఒంగోలుకు హైవే మీద లోడుతో వచ్చిన బండిలో 13.7 కనపడితే కంగారు పడకండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మళ్లీ చూడండి.

నాలుగోది, మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరే చూడటం. అర వోల్టు దాటితే డయోడ్ ప్లేటు చెడింది. రెగ్యులేటర్ జోలికి పోవద్దు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగుందని తేల్చే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. పీకిన ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి, బాగున్న డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ కాల్చేస్తుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న బండి అయితే నష్టం ఇంకా పెద్దది. రొయ్యల ట్రేలకో గేదెలకో వెనక బాడీకి ఇనప కేజ్ కట్టించేటప్పుడు వెల్డింగ్ పెడతారు చూడండి, అప్పుడు కూడా ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి.

అర వోల్టు ఎక్కడ పోయింది

14.8 దాటిన బండిని దగ్గరగా చూద్దాం. బయటి రెగ్యులేటర్ ఉన్న బండి అనుకోండి. ఆ డబ్బా వోల్టేజిని రెండు చోట్ల మధ్య కొలుచుకుంటుంది: ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తీగ ఒకటి, తన సొంత ఒళ్లు ఒకటి. ఒళ్లు అంటే బాడీకి బిగించిన బోల్టులే దాని ఎర్త్.

మైపాడు, కొత్తపట్నం, జువ్వలదిన్నె వైపు తిరిగే బండికి ఉప్పుగాలి తప్పదు. ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు సరేసరి. ఆ బోల్టుల కింద తుప్పు పట్టి అర వోల్టు అక్కడే ఆగిపోయిందనుకోండి. బ్యాటరీ దగ్గర 14.2 ఉన్నప్పుడు రెగ్యులేటర్‌కు 13.7 మాత్రమే కనపడుతుంది. ఇంకా తక్కువగా ఉందనుకుని పెంచుతుంది. తనకు 14.2 కనపడే వేళకు బ్యాటరీ దగ్గర 14.7 అయి కూర్చుంటుంది. ఇగ్నిషన్ స్విచ్ పాయింట్లు అరిగి అక్కడ ఇంకో 0.3 వోల్టు పోతే 15.0. కొత్త డబ్బా తెచ్చి అదే తుప్పు మీద బిగిస్తే మళ్లీ అంతే.

పట్టుకోవడం తేలిక. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మీటర్ ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొసను రెగ్యులేటర్ ఒంటి మీద పెట్టండి. 0.1 వోల్టు లోపలుంటే మంచిది. 0.2 దాటితే బోల్టులు విప్పి, రేకును మెరిసేదాకా గీకి, కొత్త స్టార్ వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కూ రెగ్యులేటర్‌కు స్విచ్ నుంచి వచ్చే తీగకూ మధ్య కొలవండి. ఇక్కడ 0.3 దాటితే స్విచ్చో, కప్లరో, ఫ్యూజు హోల్డరో కరెంటు తింటోంది.

లోపల రెగ్యులేటర్ ఉన్న ఆల్టర్నేటర్లలో రెండు రకాలున్నాయి. కొన్ని తమ దగ్గరే, ఆల్టర్నేటర్ లోపలే వోల్టేజి చూసుకుంటాయి. వీటిలో బ్యాటరీకి వెళ్లే లావు తీగకు తుప్పు పడితే బ్యాటరీ ఎప్పుడూ అరాకొరగానే నిండుతుంది. కొన్నింటికి బ్యాటరీ దాకా వెళ్లి చూసొచ్చే సన్న తీగ వేరేగా ఉంటుంది. ఆ సన్న తీగకు తుప్పు పడితే బ్యాటరీ ఉడుకుతుంది. తుప్పు ఒకటే అయినా, ఎక్కడ పట్టిందనే దాన్ని బట్టి జబ్బు తలకిందులవుతుంది. లైట్లన్నీ వేసి, ఆల్టర్నేటర్ లావు తీగ బోల్టుకూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య కొలిస్తే 0.3 లోపల, ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.2 లోపల రావాలి.

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ బల్బును తక్కువగా చూడకండి. తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్‌ను లేపే మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఐడిలింగ్‌లో చార్జింగ్ మొదలు కాదు, గట్టిగా రేజ్ ఇస్తే తప్ప. చిన్న బల్బు కోసం ఆల్టర్నేటర్ విప్పించుకున్న వాళ్లున్నారు.

చార్జింగ్ అసలే లేకపోతే, రెగ్యులేటర్ పోయిందా ఆల్టర్నేటరే పోయిందా తేల్చడానికి ఒక పరీక్షుంది. బయటి రెగ్యులేటర్ ఉన్న బండికి మాత్రమే. ఫీల్డు తీగను (రెగ్యులేటర్ నుంచి రోటర్‌కు, అంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే కాయిల్‌కు వెళ్లేదాన్ని) ఆల్టర్నేటర్ నుంచి విప్పి పక్కన పెట్టండి. తాళం తిప్పి, ఆల్టర్నేటర్ ఫీల్డు టెర్మినల్‌కూ బాడీకీ మధ్య కొలవండి. 12 వోల్టులు కనపడితే రోటర్ రెండో కొస పాజిటివ్‌లో ఉంది, రెగ్యులేటర్ ఎర్త్ వైపు అదుపు చేస్తోంది. ఇప్పుడు ఇంజన్ నడిపి, హెడ్‌లైట్లు వేసి, ఆ టెర్మినల్‌ను రెండు మూడు సెకన్లు ఎర్త్‌కు తాకించండి. సున్నా కనపడితే తాళం తీసేసి ఓమ్స్‌లో చూడండి. బాడీకి మూడు నాలుగు ఓమ్స్ వస్తే రెండో రకం, ఇంజన్ నడిపి దానికి అంతసేపే 12 వోల్టులు ఇవ్వాలి. వోల్టేజి చటుక్కున లేస్తే ఆల్టర్నేటర్ బాగుంది, రెగ్యులేటర్ చెడింది. లేవకపోతే బ్రష్‌లైనా, రోటరైనా, డయోడ్లైనా చెడ్డాయి. మూడు సెకన్లకు మించొద్దు, 16 వోల్టులు దాటిపోతుంది. ఈసీయూ ఉన్న బండికి ఈ పరీక్ష అసలే వద్దు.

లోపలి రకాన్ని విప్పినప్పుడు బ్రష్ హోల్డర్‌లోంచి బయటికి 5 మి.మీ. కంటే తక్కువ పొడుచుకొస్తుంటే మార్చేయండి. రెండు స్లిప్ రింగుల మధ్య రెండున్నర నుంచి నాలుగున్నర ఓమ్స్ రావాలి. రింగుకూ షాఫ్టుకూ మధ్య ఏమీ రాకూడదు.

డీజిల్ వైపు

కరెంటు చూశాకే డీజిల్ చూడమనడానికి కారణముంది. రోటరీ డీజిల్ పంపు మీద ఉండే స్టాప్ సొలినాయిడ్ (డీజిల్ దారి తెరిచి ఉంచే కరెంటు వాల్వు) 12 వోల్టుల మీద నిలబడుతుంది. దాని తీగలో వోల్టేజి పడిపోతే డీజిల్ ఆగి ఇంజన్ ఆగుతుంది. జనం పంపు విప్పిస్తారు. తాళం తిప్పినప్పుడు టక్‌మని చప్పుడు వినపడాలి, తీగ కొసన బ్యాటరీ అంత వోల్టేజి ఉండాలి. ఈ రెండూ చూడకుండా పంపు మీద పానా పెట్టనివ్వొద్దు.

మీ బండిది ఏ పంపో తెలుసుకోవడం తేలిక: ఇంజెక్టర్లకు వెళ్లే ఇనప పైపులు ఒకే వరుసలో బయల్దేరితే ఇన్‌లైన్ పంపు, గుండ్రంగా బయల్దేరితే రోటరీ, అన్నీ ఒక ఇనప గొట్టంలో కలిసి అక్కణ్నుంచి చీలితే కామన్ రైల్.

ఇన్‌లైన్ పంపులో అందరూ మరచిపోయే రెగ్యులేటర్ ఓవర్‌ఫ్లో వాల్వు. పంపు పక్కన, రిటర్న్ పైపు మొదలయ్యే చోట ఉంటుంది. కొన్ని బండ్లలో ఫిల్టర్ తల మీద. పైకి మామూలు బాంజో బోల్టు (మధ్యలో డీజిల్ పారే బెజ్జం ఉన్న బోల్టు) లాగే ఉంటుంది కానీ లోపల స్ప్రింగు, గోళీ ఉంటాయి. పంపు గదిలో సుమారు 1 నుంచి 1.5 బార్ ఒత్తిడి నిలబెట్టడం దాని పని. ఎప్పుడో లీకు అయినప్పుడు, అదే మరకు సరిపోతుందని ఉత్త బాంజో బోల్టు వేసేసి ఉంటారు. బండి ఖాళీగా బాగానే పోతుంది. ఉలవపాడు నుంచి మామిడికాయల లోడుతో బయల్దేరాకో, దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడో లాగదు. డీజిల్ అంతా రిటర్న్‌లోకి పోతుంటుంది. విప్పి నోటితో ఊదండి. గాలి సులువుగా దాటితే అది వాల్వు కాదు, లేదా స్ప్రింగు చచ్చింది.

ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య T ఆకారపు జాయింటు పెట్టి 0-4 బార్ గేజి తగిలిస్తే సంగతి పూర్తిగా తేలుతుంది. రేజ్ ఇచ్చినప్పుడు ఒత్తిడి పడిపోతుంటే రిటర్న్ రబ్బరు పైపును ఒక్క క్షణం నొక్కండి. ముల్లు లేస్తే ఓవర్‌ఫ్లో వాల్వు దోషం. లేవకపోతే దోషం వెనక ఉంది: ఫీడ్ పంపు, దాని కింది జల్లెడ, ఫిల్టర్, ట్యాంకులోని పీల్చే గొట్టం. రొయ్యల గుంటల దగ్గర జనరేటర్ కోసం డ్రమ్ముల్లో ఉంచిన డీజిల్ పోసుకునే బండ్లకు ఇది మామూలే. డ్రమ్ము అడుగున చేరిన నీళ్లు, తుప్పు పొడి నేరుగా ఫిల్టర్‌లోకి వస్తాయి. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు ఉంచండి. అడుగున వేరే గీత కనపడితే నీళ్లే.

ఐడిలింగ్ ఊగుతుంటే గవర్నర్‌ను (పంపులో ఇంజన్ వేగాన్ని అదుపు చేసే భాగాన్ని) అనకముందు గాలి చూడండి. పంపులోకి వెళ్లే పైపులో ఒక జానెడు తెల్లటి పారదర్శక గొట్టం పెడితే బుడగలు కంటికి కనపడతాయి. నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ చూడండి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండికి ఆ తెల్లదుమ్ముతో ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. పంపు మీద సీలు వేసిన స్క్రూలను మాత్రం తిప్పనివ్వకండి. అవి పంపు బెంచి మీద కొలిచి పెట్టేవి, చెవితో పెట్టేవి కావు.

కామన్ రైల్ పికప్‌లో పని చూపుకూ చేతికీ విడిపోయింది. చూసేది రైల్ ప్రెషర్ సెన్సర్, దానికి మూడు తీగలు. చేసేది కంట్రోల్ వాల్వు, దానికి రెండు తీగలు, పంపు మీదో రైల్ కొసనో ఉంటుంది. సెన్సర్‌లో తాళం తిప్పి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒక తీగలో 5 వోల్టులు, సిగ్నల్ తీగలో 0.5 దగ్గర రావాలి. ఒత్తిడే లేనప్పుడు సిగ్నల్ 0.9 చూపిస్తుంటే అది లేని ఒత్తిడిని ఉందంటోంది. ఈసీయూ దాన్ని నమ్మి డీజిల్ తగ్గిస్తుంది. పాత తుప్పు బోల్టు కథే ఇక్కడ ఇంకో రూపంలో వచ్చింది. కంట్రోల్ వాల్వు కాయిల్ చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 2 నుంచి 4 ఓమ్స్ మధ్య ఉంటుంది. స్కానర్ పెడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ఒత్తిడి కనీసం 200 బార్ దాకా లేవాలి. లేవకపోతే వాల్వు కొనేముందు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సీసాలో పెట్టి చూడండి. ఒక సీసా మిగతావాటికంటే తొందరగా నిండితే ఒత్తిడిని తినేస్తున్నది ఆ ఇంజెక్టర్.

కామన్ రైల్ ఇంజన్ నడుస్తుండగా ఇనప పైపు నట్టు వదులు చేయడం ప్రాణాంతకం. వెయ్యి బార్ దాటిన డీజిల్ ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉన్నా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. పాత పంపుల మీద నట్టు వదులు చేసి గాలి తీసిన అలవాటుతో ఇక్కడ చెయ్యి పెట్టే వాళ్లను చూస్తే ఆపండి. ఇంజన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఆగాకే పానా పెట్టాలి.

పెట్రోల్ ఇంజెక్షన్ పికప్‌లు మన వైపు తక్కువ. రైల్ మీద రెగ్యులేటర్‌కు సన్నటి వ్యాక్యూమ్ గొట్టం ఉంటే దాన్ని పీకి చూడండి. లోపల పెట్రోల్ తడి కనపడితే డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగింది, మార్చాల్సిందే. సీఎన్‌జీ బండిలో సిలిండర్‌లోని 200 బార్‌ను దించే రెగ్యులేటర్‌ను మాత్రం అనుమతి ఉన్న సెంటర్‌లో తప్ప ఎక్కడా విప్పించకండి.

పని అయ్యాక బండిని అక్కడే కొలిచి వదిలేయొద్దు. పావుగంట తిప్పి, ఇంజన్ వేడెక్కాక, లైట్లు వేసి బ్యాటరీ దగ్గర మళ్లీ కొలిచి, ఆ అంకెను తేదీతో బానెట్ లోపల పెయింట్ పెన్నుతో రాసుకోండి. బ్యాటరీ గదుల్లో నీటి మట్టం ఎక్కడుందో గీత గీసి, పది రోజులకు మళ్లీ చూడండి.